కాశీలో వదలాల్సింది డబ్బు కాదు!

కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో వదిలి రావాలన్నది మనవాళ్ల ఆనవాయితీ. వంకాయ వదిలేసినవాళ్లుంటారు, సీతాఫలం వదిలేసినవాళ్లుంటారు. పనిలో పనిగా వేలకు వేలు వదిలేసి వచ్చేవాళ్లూ ఉంటారు. పాపం, వాళ్లేమీ అమాయకులు కారు. సొంతూళ్లో ఆటోవాలాతో పది రూపాయలకు పేచీ పెట్టుకునే పెద్దమనిషే గంగ ఒడ్డున నోరెత్తలేడు. పుణ్యక్షేత్రంలో బేరమేమిటన్న మొహమాటం! అక్కడి దళారులకు ఆ మొహమాటమే పెట్టుబడి.

ఘాట్‌లో అడుగుపెట్టగానే ఒకాయన ఎదురొచ్చి దోసిట్లో నీళ్లు పోస్తాడు. గోత్రనామాలు అడుగుతాడు. రెండు మంత్రాలయ్యాక, ‘అన్నదానానికి ఎంత సంకల్పించుకుంటారు?’ అంటాడు. చేతిలో గంగ, పక్కన ఇల్లాలు, వెనక నలుగురూ చూస్తున్నారు. వంద అంటే, ‘పోయిన తల్లిదండ్రులకు వందేనా’ అని ఓ మాట. అక్కణ్నుంచి అంకె దానంతటదే పెరుగుతుంది. సంకల్పం చెప్పుకున్నాక ఇవ్వకపోతే దోషమేమోనన్న భయం ఎలాగూ ఉంటుంది. అందుకే, నీళ్లు చేతిలోకి రాకముందే లెక్క తేల్చుకోవాలి. సామగ్రి, దక్షిణ, దానాలు అన్నీ కలిపి ఎంతో అడిగి కాగితం మీద రాయించుకోండి. పిండప్రదానాల్లాంటివి ఉంటే, శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటి తెలుగు సత్రాల్లో ముందే వాకబు చేసుకోవడం మంచిది. శ్రద్ధగా చేయించే పురోహితులు కాశీలో చాలామందే ఉన్నారు. వాళ్లు మన వెంటపడరు.

అసలు మోసం కొన్నిసార్లు ఇంట్లో ఉండగానే మొదలవుతుంది. గూగుల్లో సత్రం పేరు కొడితే వచ్చిన నంబరుకు ఫోన్ చేసి, అడ్వాన్సు పంపేస్తారు. తీరా వెళ్తే గదీ ఉండదు, ఆ నంబరూ పలకదు. నకిలీ వెబ్‌సైట్లతో యాత్రికులకు ఇలా టోపీ వేస్తున్నారని కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగం 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది కూడా. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఇక స్టేషన్‌లో దిగగానే ‘మీ సత్రం మూసేశారు, మంచి లాడ్జి చూపిస్తా’ అనే ఆటోవాలా మాట నమ్మే ముందు సత్రానికి మీరే ఫోన్ చేయండి.

విశ్వనాథుడి దర్శనానికి సాధారణ క్యూలో పైసా కట్టక్కర్లేదు. త్వరగా కావాలంటే ‘సుగమ్ దర్శన్’ టికెట్లు ఆలయ ట్రస్టే ఇస్తుంది. మధ్యలో ‘నేను లోపలికి తీసుకెళ్తా’ అనేవాళ్లతో మనకేం పని? లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి, ‘లాకరు ఉచితం’ అని పిలిచే దుకాణాలుంటాయి. పూజబుట్ట ధర అడిగాకే ఫోన్ చేతికివ్వండి. దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి మెట్లమీద కూర్చుని ఉచితంగానే చూడొచ్చు. పడవలోంచి చూస్తారా? చెప్పిన రేటు మనిషికా, పడవ మొత్తానికా అన్నది ఎక్కకముందే అడగండి. గొడవలన్నీ అక్కడే.

మణికర్ణికా ఘాట్‌లో ఇంకో రకం. ‘దిక్కులేనివాళ్ల చితికి కట్టెలు కొనాలి, పుణ్యం వస్తుంది’ అంటూ ఎవరో పక్కకు చేరతారు. ఎంతిచ్చినా చాలదంటారు. పక్కన చితి కాలుతుంటే కాదనడం కష్టమే. అయినా నమస్కారం పెట్టి ముందుకు నడవండి. ఫోన్ మాత్రం బయటికి తీయొద్దు. అక్కడ ఫొటోలు తీయడం తప్పు. దాన్ని అడ్డం పెట్టుకుని బెదిరించేవాళ్లూ ఉంటారు.

ఇక చీర. ‘మగ్గం చూపిస్తా’ అని ఆటోవాలా ఆపిన దుకాణంలో అతని కమిషనూ చీర ధరలో కలుస్తుంది. ముందు ఓ మగ్గం ఆడుతుంటుంది గానీ, లోపలి గుట్టల్లో ఉన్నవి మరమగ్గం చీరలు కావచ్చు. బనారస్ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ పేరుతో పాలిస్టర్ చీరలు అమ్ముడవుతూనే ఉన్నాయి. నష్టం మనకొక్కరికే కాదు, రోజుల తరబడి మగ్గం ముందు కూర్చునే నేతగాడికీను. సిల్క్‌మార్క్ లేబుల్ పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది. చేనేతా కాదా అన్నది దాన్నిబట్టి తెలియదు, దానికి హ్యాండ్‌లూమ్ మార్కు చూడాలి. అనుమానముంటే కొంగు చివర్నుంచి ఓ పోగు ఇమ్మని వెలిగించి చూడండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. చివరగా బిల్లు మీద ‘ప్యూర్ సిల్క్, చేనేత’ అని రాసివ్వమని అడగండి. నసిగారంటే చీర మడతపెట్టి ఇచ్చేసి రండి.