ఉప్పుగాలిని తట్టుకునే ఖడ్గం

జనవరి 26న కర్తవ్య పథ్‌లో నౌకాదళ బృందానికి ముందు నడిచే అధికారి చేతిలో ఖడ్గం తళుక్కుమంటుంది. బంగారు పూత, తెల్లని పిడి, నల్లని తోలు ఒర చూసి అదంతా అలంకారమే అనుకుంటాం. కానీ ఆ సొగసులో చాలా భాగం సముద్రం నేర్పిన పాఠమే.

ఈ ఖడ్గం పుట్టిల్లు బ్రిటన్. రాయల్ నేవీ 1805లో అధికారుల కత్తికి ఒక నమూనా నిర్ణయించింది. 1827లో పిడి చుట్టూ చేతిని కాచే ఇత్తడి కాపు చేరింది. 1846లో అలుగు రూపం మారింది. మన నౌకాదళ ఖడ్గమూ ఆ వంశంలోదే.

ముందు పిడి సంగతి చూద్దాం. కర్రపై చుట్టిన ఆ తెల్లని గరుకు తోలు టేకు చేపది. దాని మీద వేలు పెడితే ఆవగింజలు పరిచినట్టు తగులుతుంది. ఆ గింజలు నిజానికి చర్మం మీద మొలిచిన పళ్లు! మన పంటిలో ఉండే డెంటిన్ అనే పదార్థం వాటిలోనూ ఉంది. ఆ గరుకుదనం వల్లే చెయ్యి తడిసినా పట్టు జారదు. పైన బిగించిన తీగ ఆ పట్టును ఇంకా పెంచుతుంది.

ఇత్తడి కాపు లోపలివైపు రంధ్రమున్న చిన్న మడత రేకు ఉంటుంది. కత్తిని ఒరలో దించి రేకును కిందికి మడిస్తే, ఒర మూతి దగ్గరి బుడిపె ఆ రంధ్రంలో కూర్చుంటుంది. ఇక ఓడ ఎంత ఊగినా కత్తి బయటికి జారదు.

అలుగు పొడవునా కనిపించే గాడి రక్తం కారడానికని కొందరంటారు. అది అపోహ. దెబ్బ పడినప్పుడు భారాన్ని ఎక్కువగా మోసేది వెన్ను, అంచుల దగ్గరి ఉక్కే. మధ్యలో కొంత తొలిస్తే బలం పెద్దగా తగ్గదు, బరువు మాత్రం తగ్గుతుంది. భవనాల్లో వాడే ఐ ఆకారపు ఉక్కు దూలాల సూత్రమూ ఇదే.

ఇత్తడికి తుప్పు పట్టదు, బంగారు పూత మెరుపు కోల్పోదు. ఉక్కు అలుగుకు మాత్రం ఆ రక్షణ లేదు. తుప్పు పట్టే చర్యకు కావలసిన విద్యుత్ ఉప్పు కలిసిన తేమలో సులువుగా పారుతుంది కాబట్టి తుప్పు త్వరగా పడుతుంది. వేలిముద్రలోని చెమటలోనూ ఉప్పే ఉంది. అందుకే కవాతు ముగిశాక అలుగును తుడిచి, పలుచగా నూనె రాసి ఒరలో పెట్టాలి. యుద్ధంతో పని తీరిపోయినా, ఉప్పుతో ఈ ఖడ్గం పోరు మాత్రం ఇంకా తీరలేదు.