ఇంట్లో చూసిందే పిల్లలు నమ్ముతారు



పిల్లలు ఆదివారం చర్చికి వెళ్తున్నారు, శనివారం సాయంత్రం యూత్ మీటింగుకి వెళ్తున్నారు, ఇంక మనకేం బెంగ లేదు అని చాలామంది తల్లులు అనుకుంటూ వుంటారు. భక్తి నేర్పే పని పాస్టరుగారికీ, యూత్ నాయకులకీ అప్పగించేసి మన వంటపనిలో మనం పడిపోతాం. పాలకొల్లులో మా సంఘం యవ్వనస్తుల కూటం బాధ్యత పన్నెండేళ్లుగా నేనూ మావారూ కలిసి చూస్తున్నాం. ఆ అనుభవం మీద ఒక్క మాట చెప్పాలని వచ్చాను. వారానికి గంటన్నరసేపు మేం చెప్పేది ఒక ఎత్తు, మిగిలిన వారమంతా ఆ పిల్లలు ఇంట్లో చూసేది ఒక ఎత్తు. రెండూ కలిస్తేనే మా మాట నిలుస్తుంది. కలవకపోతే అది నీళ్ల మీద రాతే!

మీలో చాలామంది క్రైస్తవులు కాకపోవచ్చు. ఫరవాలేదు. పూజగది వున్న ఇంటికైనా, నమాజు చేసుకునే ఇంటికైనా ఈ సంగతి ఒక్కటే.

ముందు ఈ కూటం అంటే ఏమిటో చెబుతాను. పదిహేనేళ్ల వయసు దగ్గర్నించి పెళ్లయ్యేదాకా వుండే పిల్లలు అందులో చేరతారు. పాటలు, ప్రార్థన, వాక్యం, ఆ తరువాత ప్రశ్నలు. అంతకంటే చిన్నవాళ్లకి సండే స్కూలు వుంటుంది. ఈ సండే స్కూలుకి పేరు తెచ్చినాయన రాబర్ట్ రెయిక్స్ అనే పత్రికా సంపాదకుడు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో, వారమంతా కూలిపని చేసే పేదపిల్లలకి ఆదివారం పూట చదువు చెప్పించాడు. ఆ బడి మొదట నడిచింది ఒక స్త్రీ ఇంట్లోనే. మన దేశంలో 1876లో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది. యవ్వనస్తుల సంగతికి వస్తే, 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాదిరిగారు క్రిస్టియన్ ఎండెవర్ అనే సంఘం పెట్టారు. పిల్లల్ని కూర్చోబెట్టి వినిపిస్తే చాలదు, తలా ఒక పని అప్పజెప్పాలి అన్నది ఆయన పద్ధతి. ఈనాటికీ యూత్ కూటాలు చాలావరకు ఆ దారినే నడుస్తున్నాయి.

ఇక మా ప్రాంతం మాట. నరసాపురం, పాలకొల్లు వైపు ప్రొటెస్టెంటు మిషన్ పని 1836లో వచ్చినవాళ్లతో మొదలైంది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఆయన ఇంగ్లండులో దంతవైద్యుడిగా బాగా సంపాదిస్తూ, ఆ సంపాదన వదులుకున్న మనిషి. ఆయన వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా మన దేశానికి వచ్చారు. వాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు కారు, చేతిపని చేసుకుని బతికినవాళ్లు. వాళ్లు నరసాపురంలో ప్రారంభించిన పనే తరువాత గోదావరి డెల్టా మిషన్ అయింది. 1847లో కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం మొదలుపెట్టాక, అక్కడికి వచ్చిన కూలీల మధ్య కూడా వీళ్లు బోధించారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. భాష రాని తెల్లవాళ్ల ప్రసంగాలు మనవాళ్లకి మొదట్లో ఎంత అర్థమయి వుంటాయంటారు? అందుకే నాకు అనిపిస్తుంది, మనవాళ్లు ముందు వాళ్ల మాట వినలేదు, వాళ్ల నడత చూశారు అని.

బైబిలులో తిమోతి అని ఒక యువకుడు వున్నాడు. చిన్న వయసులోనే సంఘానికి నాయకుడయ్యాడు. అతనికి ఉత్తరం రాస్తూ అపొస్తలుడైన పౌలు, నీ విశ్వాసం మొదట మీ అమ్మమ్మ లోయిలోనూ మీ అమ్మ యునీకేలోనూ వుండేదని గుర్తుచేస్తాడు. ఇద్దరు ఆడవాళ్లు! వాళ్లు బోధకులు కారు, ఇంటిపట్టున వున్నవాళ్లు. యూత్ నాయకులకి శిక్షణ ఇచ్చేటప్పుడల్లా నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

మా ఇంట్లో అలాంటి మనిషి మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి. ఆవిడ లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల ఈ లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. ఏజెంటు దారం తెచ్చి ఇచ్చేవాడు, అల్లిన సరుకు తీసుకుని కూలి ఇచ్చేవాడు. ఇంట్లో తీరిక వేళ చేసుకునే పని అని దానికి పేరు. కాని మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఇక్కడికి వచ్చి పరిశీలించి 1982లో ఒక పుస్తకం వేశారు. ఇంటిపని అంతా చేసుకుంటూనే ఈ ఆడవాళ్లు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారని అందులో చూపించారు. మొత్తానికి 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. చూడ్డానికి మామ్మ లేదు!

ఆ కూలి డబ్బులతోనే బియ్యం కొనేవాళ్లం. రోజూ ఎసట్లో పోసేముందు మామ్మ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. అది సంఘానికి. నెలాఖరున ఆ బియ్యం చర్చికి వెళ్లేది, అక్కడనించి ఇల్లు గడవని ముసలివాళ్లకి చేరేది. పిడికెడు అన్నాను గాని, బియ్యం నిండుకున్న రోజున మూడు వేళ్లకి వచ్చినన్ని గింజలే. కాని డబ్బా మూత తీసిన చప్పుడు వినపడని పొద్దు లేదు. ఈ ఆచారం మనదొక్కటే కాదు. మిజోరాంలో 1910 నుంచి ఇల్లాళ్లు ఇలాగే గుప్పెడు గుప్పెడు బియ్యం తీసిపెట్టి తమ సంఘాల్ని నిలబెట్టుకున్నారు. కానుక గురించి నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఒక్కటీ గుర్తులేదు. ఆ మూత చప్పుడు మాత్రం గుర్తుంది.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటిందని లెక్క. నాకప్పుడు ఆరేళ్లు. లంకల వైపు నుంచి తడిసిపోయిన జనం మా వీధిలోకి వచ్చారు. ఇంట్లో వున్న బియ్యం ఒక్క పూటలో అయిపోయాయి. మామ్మ ఆ డబ్బా మూత తీసింది. "అవి సంఘానివి కదమ్మా" అన్నారు నాన్నగారు. "సంఘానికి లెక్క నేను చెప్పుకుంటాలే, నువ్వు పొయ్యి రాజెయ్యి" అంది మామ్మ. వచ్చినవాళ్లది ఏ కులమని ఆవిడ అడగలేదు, వండింది ఏ కులమని వాళ్లూ అడగలేదు. వరద తీశాక కొందరికి ఆ పట్టింపులు మళ్లీ గుర్తొచ్చాయి, అది వేరే సంగతి! మామ్మ మాత్రం అదే నెలనించి మొదలుపెట్టి క్రిస్మస్ వచ్చేలోగా తీసినన్ని బియ్యమూ పిడికెడు చొప్పున మళ్లీ నింపేసింది.

ఇంకొక సంగతి. మా ఊరు పంచారామాల్లో ఒకటైన క్షీరారామం. ఆ గోపురం చూస్తూ పెరిగినవాళ్లం. మా పక్కింటి పిన్నిగారు ప్రతి సోమవారం గుడికి వెళ్లేవారు. దసరాకి బూరెలు వండితే మాకు పంపేవారు. మామ్మ నైవేద్యం పెట్టినవి తినదని ఆవిడకి తెలుసు. అందుకని పూజ ముగిశాక మళ్లీ మూకుడు పెట్టి, వాటిలో కలపకుండా మాకోసం వేరే ఒక వాయి వేసేవారు. క్రిస్మస్‌కి మామ్మ అరిసెలూ గులాబీ పువ్వులూ చేస్తే, కార్తీకమాసం నియమాలు అయిపోయాయో లేదో కనుక్కుని మరీ పంపేది. ఎవరి నమ్మకం వాళ్లు గట్టిగా పట్టుకుని వుంటూనే ఎదుటివాళ్ల నమ్మకానికి ఇబ్బంది రాకుండా చూసుకోవడం ఎలాగో మాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ వేరే వాయి చెప్పింది.

ఇప్పుడు మా కూటానికి వద్దాం. మేం చేసేది పెద్ద విద్యేమీ కాదు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక పని వుంటుంది. ఒకరు చాపలు పరుస్తారు. ఇద్దరు ఆస్పత్రిలో వున్నవాళ్లని చూసివస్తారు. ఒకరు కానుక లెక్క రాసి, నెల మొదటి శనివారం అందరిముందూ పైకి చదువుతారు. పది రూపాయలు తేడా వచ్చినా చదవాల్సిందే. ప్రశ్నల వేళ ఏ ప్రశ్న అడిగినా కోప్పడం. వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం ఒక్కచోటికే చేరతాయి: చర్చిలో చెప్పేది ఒకటి, ఇంట్లో జరిగేది ఒకటి, ఏది నిజం ఆంటీ? అని.

ఒక ఏడాది ఈ ప్రశ్న మా మధ్యకే వచ్చి కూచుంది. మా కూటంలో పాటలు నడిపించే అబ్బాయి ఒకడున్నాడు. చదువుకున్నాడు, హైదరాబాదులో ఉద్యోగం. కట్నం మీద చర్చ పెట్టినప్పుడు అందరికంటే బాగా మాట్లాడింది అతనే. ఆరునెలలకి అతనికి సంబంధం కుదిరింది. పాతిక లక్షలు, ఒక ఎకరం చేపల చెరువు. దానికి కట్నం అని పేరు పెట్టలేదు లెండి, కానుక అన్నారు. ఆ శనివారం అతను పాట ఎత్తుకుంటే ఆడపిల్లలు ఒక్కరూ అందుకోలేదు. గొంతులు లేక కాదు, మనసు రాక.

అతను రాత్రి మా ఇంటికి వచ్చాడు. "అమ్మ ఏడుస్తోంది ఆంటీ, నేనేం చెయ్యను?" అన్నాడు. మర్నాడు నేను వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆవిడ నిజాయితీగా చెప్పారు. "మా అమ్మాయి పెళ్లికి మేం ఇచ్చుకోలేదా వదినగారూ? ఆ అప్పు ఇంకా అలాగే వుంది. వీడిది రాకపోతే అది ఎక్కడనించి తీరుస్తాం?" అక్కయ్యలూ, ఈ మాటకి ప్రసంగంలో జవాబు లేదు. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. 1986 సవరణతో శిక్షని అయిదేళ్ల జైలుకి తక్కువ కాకుండా పెంచారు. ఆవిడకి ఆ చట్టం తెలుసు. తెలిసీ ఆ లెక్క తేలక ఏడుస్తున్నారు.

చివరికి దారి కనిపెట్టింది ఆ అబ్బాయే. చెల్లెలి పెళ్లి అప్పు తన జీతంలోంచి నాలుగేళ్లలో తీరుస్తానని కాగితం మీద లెక్క రాసి తండ్రి ముందు పెట్టాడు. పెళ్లి ఎనిమిది నెలలు వాయిదా పడింది, తరువాత కట్నం లేకుండా జరిగింది. ఆ తండ్రిగారు ఈనాటికీ మా గడప తొక్కరు. ఆ ఖర్చు మాకు తప్పలేదు. మరుసటి సంవత్సరం మరో ఇద్దరు అబ్బాయిలు తమ ఇళ్లల్లో ఈ మాట ఎత్తారు. ఒక ఇంట్లో ఒప్పుకున్నారు, మరో ఇంట్లో ఒప్పుకోలేదు. అన్నీ మనం అనుకున్నట్టు జరగవు మరి. కాని ఆడపిల్లలు మాత్రం మళ్లీ పాట అందుకున్నారు.

మరి తల్లులుగా మనం చెయ్యగలిగింది ఏమిటి? నాకు తోచినవి చెబుతాను.

ఒకటి, కుటుంబ ప్రార్థన చిన్నదిగా వుండనివ్వండి. గంటసేపు నిద్రమొహాల్తో కూర్చోబెట్టేకంటే పది నిమిషాలు మేలు. అందులో పిల్లవాడి మార్కులూ, సెల్ ఫోనూ ఏకరువు పెట్టి దేవుడికి ఫిర్యాదు చెయ్యకండి. పిల్లలకి అది ప్రార్థనలా వుండదు, చివాట్లలా వుంటుంది.

రెండు, ఆదివారం భోజనం దగ్గర పాస్టరుగారి ప్రసంగాన్నీ, పాస్టరమ్మగారి చీరనీ నంజుకోకండి. గుడి నుంచి వచ్చి పూజారిగారిని ఆడిపోసుకోవడమూ ఇంతే.

మూడు, మీరు ఎవరికైనా సాయం చేస్తే దాన్ని పిల్లల చేతులమీదుగా చేయించండి. డబ్బు ఎంత వచ్చిందో, అందులో ఎంత తీసిపెట్టారో వాళ్లకి తెలియాలి.

నాలుగు, ఒకసారి మీ వంటింటి గూట్లోకి చూడండి. పనిమనిషికని విడిగా పెట్టిన గ్లాసు ఏదైనా వుందా? వుంటే పొరుగువాణ్ణి ప్రేమించమని మేం చెప్పే పాఠాలన్నీ ఆ గ్లాసు ముందు ఓడిపోతాయి. అందరి గ్లాసుల్లో ఒకటి తీసి ఆవిడకి కాఫీ ఇవ్వండి. పిల్లలు ఏమీ అడగరు, కాని చూస్తారు.

అయిదు, ఇంటికి పెళ్లికొడుకు వయసు వచ్చిన అబ్బాయి వుంటే, సంబంధాలు రాకముందే కట్నం మాట ఇంట్లో తేల్చుకోండి. సంబంధం వచ్చాక మనసు లెక్కల్లో పడిపోతుంది. అప్పు వుంటే దాన్ని కొడుకు ముందు కాగితం మీద పెట్టండి. దాచితేనే అది కట్నమై కూర్చుంటుంది.

యూత్ నాయకులుగా మేం చెయ్యగలిగింది, పిల్లలు ఇంట్లో చూసిన మంచికి ఒక పేరు చెప్పడం. అంతకంటే మా వల్ల కాదు. చూపించే పని మాత్రం మీదే. అది రేపు పొద్దున్న ఎసరు పెట్టే వేళకే మొదలుపెట్టొచ్చు.

సెలవు.