బందరులో ఆగిపోయిన బేగం

భర్త పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు తోడుగా వచ్చాడు. నమ్మింది. అతని కోసం ఊరూ పరువూ పోగొట్టుకుంది. తీరా చూస్తే అతను మద్రాసులో ఇంకో అమ్మాయి మెళ్లో ఉంగరాల దండ కాదు, ఏకంగా చర్చిలో పెళ్లి ఉంగరమే తొడిగాడు. రెండు వందల ఏళ్ల కిందటి ఈ హైదరాబాదీ కథలో, మోసపోయిన మనిషి మళ్లీ ఇంటి గడప తొక్కడానికి ఎంత దూరం నడవాల్సి వచ్చిందో కనిపిస్తుంది.

పాతబస్తీ జహనుమా గల్లీల్లోంచి పడమటి వైపు కాస్త దూరం వెళ్తే మీర్ ఆలం చెరువు. జూపార్కుకి వెళ్లిన ప్రతివాళ్లూ చూసే ఉంటారు. ఇరవైకి పైగా అర్ధచంద్రాకారపు తోరణాలను పక్కపక్కన పేర్చినట్టుండే దాని కట్టను ఇంజినీర్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఉస్మాన్‌సాగర్ రాకముందు నగరం దాహం తీర్చిన చెరువుల్లో అదొకటి. 1804లో శంకుస్థాపన జరిగితే 1806కల్లా పూర్తయింది. కట్టించింది నిజాం దివాన్ మీర్ ఆలం. శ్రీరంగపట్నం యుద్ధంలో తన వాటాకు వచ్చిన సొమ్ముతో కట్టించాడంటారు.

ఊరికి నీళ్లిచ్చిన ఆ పెద్దమనిషే, చెరువు పూర్తయిన కొద్ది నెలలకే ఒక ఆడపిల్లను ఊళ్లోకి రానివ్వనన్నాడు. ఆ అమ్మాయి పరాయిదేం కాదు. అతనికి వరసకి మనవరాలు. పేరు ఖైరున్నీసా. అప్పటికి ఆమెకు ఇరవయ్యో, ఇరవై ఒకటో!

అంతకుముందు ఏం జరిగిందంటే...

ఖైరున్నీసా కథలో మొదటి సగం చాలామందికి తెలిసిందే. ఈస్టిండియా కంపెనీ తరఫున హైదరాబాద్‌లో రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, పర్షియన్ మూలాలున్న గొప్పింటి అమ్మాయి ఖైరున్నీసా ఒకరినొకరు ఇష్టపడ్డారు. 1798 చివర్లో ఆమె అక్క పెళ్లిలో మొదలైన పరిచయం, అతను ఇస్లాం స్వీకరించి నిఖా చేసుకునేదాకా వచ్చింది. అటు దర్బారులో గుసగుసలు, ఇటు కంపెనీ విచారణలు. ఉద్యోగం ఊడే పరిస్థితి వచ్చినా కర్క్‌పాట్రిక్ ఆమెను వదల్లేదు. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. కోఠిలో ఇప్పటికీ ఠీవిగా నిలబడి ఉన్న రెసిడెన్సీ భవనం అతని హయాంలో మొదలైందే. దాని వెనక తోటలో ఆమె కోసం రంగ్‌మహల్ పేరుతో జనానా కట్టించాడు. పరదా దాటి వచ్చి భవనాన్ని ముందు నుంచి చూడలేదు కాబట్టి, ఆమె చూసుకోవడానికి దాని చిన్న నమూనాను తోటలో కట్టించాడని చెబుతారు.

1805 వచ్చింది. ఆ రోజుల్లో కంపెనీ దొరల అలవాటు ప్రకారం పిల్లలిద్దర్నీ చదువుకని ఇంగ్లండుకు పంపించాడు కర్క్‌పాట్రిక్. పెద్దవాడికి నాలుగున్నరేళ్లు, చిన్నదానికి మూడున్నర. ఓడ ఎక్కేముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఆ ఇద్దరి బొమ్మ గీశాడు. హైదరాబాదీ పట్టు దుస్తుల్లో, నగలతో బొద్దుగా ఉంటారు ఇద్దరూ. పిల్లల్ని సాగనంపిన తండ్రి అక్కడి నుంచి కలకత్తా వెళ్లి, అక్టోబరు 15న చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్లకే. పంతొమ్మిదేళ్ల తల్లికి నెలన్నర తిరక్కుండానే ఇటు పిల్లలూ లేరు, అటు భర్తా లేడు. ఆ పిల్లల్ని ఆమె మళ్లీ చూడలేదు.

ఓదార్పుగా వచ్చినవాడు

1806లో ఆమె తల్లి షరఫున్నీసాను వెంటబెట్టుకుని కలకత్తా బయల్దేరింది. భర్త సమాధి చూడటానికి. అక్కడ తోడున్నవాడు హెన్రీ రస్సెల్. కర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు, నమ్మకస్తుడు. వయసు ఇరవై మూడు. ఆమె భాష తెలుసు, ఆమె ఇల్లు తెలుసు, పోయిన మనిషి గురించి ఆమెతో మాట్లాడగలిగిన అతి కొద్దిమందిలో ఒకడు. పరాయి ఊళ్లో, పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆమె అతనికి దగ్గరైంది. ఇద్దరూ ఒకటయ్యారు. ఇందులో ఆమెను తప్పు పట్టడానికి ఏముంది? నమ్మదగినవాడిగా పేరున్న మనిషినే నమ్మింది.

కబురు వాళ్లకంటే ముందే హైదరాబాద్ చేరింది. 1807లో తిరుగు ప్రయాణం కట్టిన ఖైరున్నీసాకు నగరంలో అడుగుపెట్టే వీల్లేదని తేల్చేశాడు మీర్ ఆలం. కర్క్‌పాట్రిక్ మీద అతనికి పాత పగ ఉంది. ఇప్పుడు వంశం పరువు అనే సాకూ దొరికింది. దివాన్ మాటంటే మాటే! తల్లీకూతుళ్లు కంపెనీ ఏలుబడిలో ఉన్న మసులీపట్నంలో, అంటే మన బందరులో ఆగిపోవాల్సి వచ్చింది.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. కబురులో ఉన్నది ఇద్దరు. శిక్ష మాత్రం ఒక్కరికే. రస్సెల్ హైదరాబాద్ వెళ్లాడు, ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత మద్రాసుకు మారాడు. ఆమె బందరులో సముద్రపు గాలికి, ఉప్పునీటి ఊళ్లో ఎదురుచూస్తూ ఉండిపోయింది.

మద్రాసులో రస్సెల్‌కు జేన్ కాసామేజర్ పరిచయమైంది. అక్కడి ఇంగ్లీషు సమాజంలో పేరున్న కుటుంబం. 1808 అక్టోబరులో ఆమెను పెళ్లి చేసుకున్నాడు. మరి బందరులో ఉన్న మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? తను వెళ్లలేదు. ఆ పని తమ్ముడు ఛార్లెస్ నెత్తిన పెట్టాడు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేనివాళ్లు మధ్యవర్తిని పంపడం ఇవాళ్టి అలవాటు కాదన్నమాట!

ఈ సంగతులన్నీ మనకెలా తెలిశాయంటే, రస్సెల్ రాసుకున్న ఉత్తరాల వల్లే. అన్నదమ్ముల మధ్య నడిచిన ఆ ఉత్తరాలు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. విలియం డాల్రింపుల్ 2002లో వచ్చిన ‘వైట్ మొఘల్స్’ పుస్తకంలో ఈ కథను వెలుగులోకి తెచ్చింది వాటి ఆధారంగానే. అంటే ఖైరున్నీసా ఎలా మోసపోయిందో మనకు చెబుతున్నది మోసం చేసినవాడి కలం. ఆమె కన్నీళ్లైనా, మౌనమైనా అతనికి ఎంతవరకు అవసరమో అంతవరకే ఆ కాగితాల్లోకి ఎక్కాయి.

గడప దొరికింది

పెళ్లైన ఆర్నెల్లు తిరక్కుండానే జేన్ జబ్బుచేసి చనిపోయింది. మీర్ ఆలం కూడా కన్నుమూశాడు. అడ్డు తొలగాక ఖైరున్నీసా తల్లితో కలిసి హైదరాబాద్ తిరిగొచ్చింది. పుట్టిన ఊరికి, తనవాళ్లున్న పాతబస్తీకి. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆమె పూర్తిగా కోలుకుందని చెప్పడం అబద్ధమే అవుతుంది. కానీ ఈ కథలో మొదటి నుంచి చివరిదాకా పక్కనుంచి కదలని మనిషి ఒకరున్నారు. తల్లి షరఫున్నీసా. కలకత్తాకు వెంట వెళ్లింది, బందరులో వెలిని కూతురితో పాటే భరించింది, తిరిగొచ్చాకా వదల్లేదు. ‘నేను ముందే చెప్పాను కదా’ అని కూతుర్ని ఇంట్లోంచి గెంటేసే తల్లిదండ్రులు ఇవాళ్టికీ ఉన్నారు. రెండు శతాబ్దాల కిందట ఒక పరదా ఇంటి తల్లి ఆ పని చెయ్యలేదు.

రస్సెల్‌ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. పైగా 1811లో హైదరాబాద్ రెసిడెంట్‌గానే వచ్చాడు! 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని నమ్మించి ఆడమనిషిని లొంగదీసుకుంటే పదేళ్ల దాకా జైలు. ఆ రోజుల్లో అలాంటి ప్రశ్న వేసే దర్బారే లేదు, అటు నిజాందీ కాదు, ఇటు కంపెనీదీ కాదు.

1813లో ఖైరున్నీసా జబ్బుపడింది. ఒకే ఒక్క కోరిక కోరింది. రంగ్‌మహల్‌లో ఉండనివ్వమని. అది కర్క్‌పాట్రిక్ తన కోసం కట్టించిన ఇల్లు, పిల్లలు ఆడుకున్న చోటు. కానీ ఇప్పుడు ఆ ఆవరణ యజమాని రస్సెల్. తనను నట్టేట ముంచినవాడి అనుమతి తీసుకుని, తనను వదలనివాడి ఇంటికి వెళ్లాలి. అభిమానం చంపుకుని అడిగిందనుకోవచ్చు. లేదా, ఆ ఇల్లు రస్సెల్‌ది కానే కాదు, నాదే అని అడిగిందనీ అనుకోవచ్చు. రెండోదే సరైనదనిపిస్తుంది. రస్సెల్ సరేనన్నాడు. సెప్టెంబరు 22న, ఇరవై ఏడేళ్ల వయసులో, అక్కడే కళ్లు మూసింది. తల్లి పక్కనే ఉంది. ఆప్తురాలు ఫైజ్ బేగం కూడా.

ఆ రంగ్‌మహల్ ఇప్పుడు లేదు. తర్వాతి కాలంలో కూల్చేశారు. రెసిడెన్సీ మాత్రం మహిళా కళాశాల అయి, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయంగా ఉంది. ఖైరున్నీసా పరదా చాటు నుంచి నమూనాలో మాత్రమే చూసుకుందని చెప్పే ఆ స్తంభాల ముందు నుంచే అమ్మాయిలు రోజూ క్లాసులకు వెళ్తున్నారు.

చిన్నరీ గీసిన పిల్లల బొమ్మ ఏమైంది? అది చివరికి రస్సెల్ దగ్గరికే చేరింది. అతను ఇంగ్లండు వెళ్లి, స్వాలోఫీల్డ్‌లోని పెద్ద బంగళాలో గోడకు తగిలించుకున్నాడు. 1840 ప్రాంతంలో ఒకరోజు ఆ ఇంటికి చుట్టపుచూపుగా ఒకావిడ వచ్చింది. గోడమీద బొమ్మ చూసి ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆమె కిట్టీ. మూడున్నరేళ్లప్పుడు ఓడెక్కిన ఖైరున్నీసా కూతురు. హైదరాబాద్‌లో అమ్మమ్మ ఇంకా బతికే ఉందని ఆ తర్వాతే ఆమెకు తెలిసింది. 1841లో ఇద్దరి మధ్యా ఉత్తరాలు మొదలయ్యాయి. మనవరాలు ఇంగ్లీషులో రాసేది, అమ్మమ్మ పార్సీలో రాయించి పంపేది. అడిగినవన్నీ అమ్మ గురించే.