మేనరికం – వారసత్వ సంభావ్యత

గుత్తి ప్రాంతంలో మేనరికం పాత ఆచారం. జన్యుశాస్త్ర పదాలను మనం అక్కడి నుంచే నేర్చుకుందాం.

ప్రతి బిడ్డకూ ఒక జన్యువు ప్రతులు రెండు అందుతాయి: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. జన్యువు రూపభేదాలే యుగ్మవికల్పాలు. రెండూ ఒకే రకమైతే సమయుగ్మజం, వేరువేరైతే విషమయుగ్మజం. బీటా తలసీమియా వ్యాధి అంతర్గత లక్షణం. కనుక లోపమున్న యుగ్మవికల్పం ఒక్కటే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే కనిపిస్తారు. వీరిని వాహకులు అంటారు.

దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి బిడ్డకూ వ్యాధి సంభావ్యత 1/4. 'మొదటి బిడ్డకు వచ్చింది కదా, తర్వాతి ముగ్గురికీ రాదు' అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఒక కుటుంబంలో తాత మాత్రమే వాహకుడనుకోండి. అవ్వ, కోడలు, అల్లుడు కారు. ఆ యుగ్మవికల్పం కొడుకుకు, కూతురుకు చేరే సంభావ్యత 1/2 చొప్పున, వారి పిల్లలకు 1/4 చొప్పున. ఆ బావామరదళ్లు పెళ్లి చేసుకుంటే ఇద్దరూ వాహకులయ్యే సంభావ్యత 1/4 × 1/4 = 1/16. వారి బిడ్డకు వ్యాధి వచ్చే సంభావ్యత 1/16 × 1/4 = 1/64. మేనమామ మేనకోడలిని చేసుకుంటే 1/2 × 1/4 × 1/4 = 1/32, అంటే రెట్టింపు.

ఈ లెక్క ఎవరినీ తప్పుపట్టదు. పెళ్లికి ముందే ఇద్దరూ హిమోగ్లోబిన్ ఎ2 రక్తపరీక్ష చేయించుకోవడం మేలని చెబుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: దంపతులలో ఒకరే వాహకులైతే బిడ్డ వాహకమయ్యే సంభావ్యత ఎంత? వ్యాధి సంభావ్యత ఎంత?

జవాబు: 1/2, 0.