వంతెన దాటినా పన్ను ఒక్కటే
టీవీ, ఏసీ బేరంలో యానాంకు పూర్వపు అనుకూలత లేదు

మురమళ్ళ: టీవీ గాని, ఏసీ గాని కొనదలచినవారు గౌతమి వంతెన దాటి యానాంలో ధర విచారించి రావడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. ఆ అలవాటుకు ఆధారమైన పన్ను తేడా మాత్రం 2017 జూలై 1న పోయింది. జీఎస్టీ అమలుకు వచ్చిన ఆ రోజు నుంచి ఒకే సరకుకు పుదుచ్చేరిలో భాగమైన యానాంలోను, ఆంధ్రప్రదేశ్‌లోను రేటు ఒక్కటే. ఇప్పుడు అవతలి ఒడ్డున ధర తక్కువ పలికితే ఆ తగ్గింపు కంపెనీ ఇచ్చిన మార్జిన్‌లోంచో, దుకాణదారు లాభంలోంచో రావలసిందే. మార్జిన్‌లో పోటీకి మురమళ్ళ వర్తకుడు కూడా నిలబడగలడు. పన్నులో పోటీకి నిలబడలేకపోయాడు. తేడా అదే.

పాత తేడా ఎక్కడిది?

యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. చట్టరీత్యా భారతదేశానికి సంక్రమించినది 1962లో. ఫ్రెంచి కాలంలో ఇవతల ఒక ప్రభుత్వపు సుంకం, అవతల మరో ప్రభుత్వపు సుంకం. విదేశీ సరకు కోసం చుట్టుపక్కల జనం యానాం మంగళవారం సంతకు పోయేవారు. ఫ్రెంచివారు పోయాక కస్టమ్సు హద్దు చెరిగింది గాని, అమ్మకపు పన్ను హద్దు మిగిలింది. ఒకరి గిరాకీని మరొకరు పన్ను తగ్గించి లాగుకోకుండా 2000 జనవరి 1 నుంచి రాష్ట్రాలు కనీస రేట్లకు ఒప్పుకున్నాయి. వ్యాట్‌కు ఆంధ్రప్రదేశ్ 2005లో మారగా, పుదుచ్చేరి 2007లో మారింది. ఈలోగా 2002లో ఎదుర్లంక–యానాంల మధ్య బాలయోగి వారధి తెరవడంతో పంటు కోసం రేవులో కాచుకునే బెడద తీరింది. బరువైన సరకు తెచ్చుకోవడం సులువైంది.

నేటి లెక్క

32 అంగుళాలకు మించిన టీవీలపైన, ఏసీలపైన 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపని ధర రూ. 40,000 అనుకుంటే, అంతకుముందు రూ. 51,200 అయ్యే టీవీ ఇప్పుడు రూ. 47,200కు వస్తుంది. ఈ నాలుగు వేలూ రెండు ఒడ్డులకూ సమానంగా కలిసివచ్చినవే.

యానాం బిల్లులో కేంద్రపు వాటా 9, పుదుచ్చేరి వాటా 9 శాతంగా కనిపించవచ్చు. 2023 అక్టోబరు 1 నాటి సవరణ తరువాత, కొనుగోలుదారు చిరునామా మురమళ్ళ అని బిల్లుపై రాస్తే ఐజీఎస్టీ 18 శాతం అని కనిపించవచ్చు. కూడిక మాత్రం మారదు. ఆటో కూలి, గోడకు బిగించే ఖర్చు, చెడితే సర్వీసు మనిషి ఎక్కడినుంచి వస్తాడన్న విషయం బేరంలో కలపవలసిన తక్కిన పద్దులు.

పెట్రోలు వేరు, టీవీ వేరు

పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీ పరిధిలో లేవు. యానాంలో పెట్రోలు ఇప్పటికీ చౌకే. బండికి అక్కడ ట్యాంకు నింపుకున్నవారు దుకాణంలోని టీవీ కూడా అదే తీరున చౌక అనుకోవడం సహజం. ఈ భ్రమ తీరాలంటే ఇవతలి దుకాణదారు పన్ను లేని ధర, పన్ను, మొత్తం విడివిడిగా రాసి కొనుగోలుదారు ముందు పెట్టడం మేలు.

గల్ఫు నుంచి వచ్చే టీవీల కథ కూడా ఇటువంటిదే. సెలవుకు వచ్చే కోనసీమవారు సామానుతోపాటు తెచ్చే ఫ్లాట్ టీవీకి ఉన్న సుంకం మినహాయింపును 2013 ఆగస్టు 26 నుంచి తీసివేసి 36.05 శాతం సుంకం వేశారు. దానితో దుబాయి ధరకూ ఇక్కడి ధరకూ మధ్య లాభం చాలావరకు విమానాశ్రయంలోనే కరిగిపోయింది.

వర్తకులకు

యానాం టోకు వ్యాపారి వద్ద సరకు ఎత్తే చిల్లర వర్తకులు తమ జీఎస్టీ నంబరుతో ఐజీఎస్టీ బిల్లు తీసుకోవాలి. పుదుచ్చేరి వాటా వేసిన బిల్లుపై ఆంధ్రలో జమ దొరకదు. వెనుకటి రోజుల్లో సి ఫారంపై కట్టిన 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను తిరిగి వచ్చేది కాదు, ధరలో కలిసిపోయేది. ఐజీఎస్టీకి జమ పూర్తిగా దక్కుతుంది. సరకు విలువ రూ. 50,000 మించితే వంతెన ఎక్కకముందే ఈ-వే బిల్లు సిద్ధంగా ఉండాలి.

ఇక కొనుగోలుదారు చూడవలసినవి మూడే: మోడల్ నంబరు ఒక్కటేనా, బిల్లు పక్కాగా ఉన్నదా, ఇంట్లో బిగించేసరికి ఎంత అయింది. మూడూ సరిపోయాక కూడా యానాం ధర తక్కువైతే అక్కడి వర్తకుడు గట్టివాడన్న మాట. దానికి జవాబు ఇవతలి వర్తకుడు తన లాభంలోనో, సేవలోనో వెదకాలి.