కొలువు విడుచు వేళ

పుంగనూరు ప్రాంతపు రైతు యొకరు ఇటీవల మా కార్యాలయమునకు వచ్చి, కుమారుని ఉత్తరము మా చేతికిచ్చిరి. ఆ యువకుడు బెంగుళూరు శివారున ఒక కర్మాగారములో పనిచేయుచున్నాడు. జీతము నెల దాటి వచ్చుచున్నది. ముగ్గురు అధికారులు మూడు ఆజ్ఞలిత్తురు. సరుకు చెడిన దినమున ముగ్గురును కానరారు. నింద మాత్రము యంత్రము కడ నిలిచినవానిపై పడును. "మానివేసి ఇంటికి రమ్మని వ్రాయమందురా అయ్యా?" అని తండ్రి మమ్మడిగిరి.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. కుప్పమున రైలెక్కువారును, మదనపల్లెలో బస్సెక్కువారును దీనిని మూటగట్టుకొనియే పోవుచున్నారు. "ఓర్చుకొనుము నాయనా" అనుట పెద్దలకు వాడుక. ఓర్పు వలన యజమాని లెక్కలు సరియగునని మేము తలంపము.

జీతమీయని దొరను కొలుచుటకంటె సొంత సేద్యము మేలని సుమతీ శతకకారుడు బోధించెను. ఆయన మన మెట్టభూములను చూచియుండడు కాబోలు. వేరుసెనగ వానకై ఎదురుచూచును. బోరు వందల అడుగులు దిగినను నీరు పడునను నమ్మకము లేదు. మదనపల్లె మార్కెట్టులో టొమాటో ధర ఒక వారము ఆకాశమునంటును, మరియొక వారము కోతకూలికిని చాలదు. కావున భూవసతిగల మన పాఠకులు "అన్నమునకు లోటు లేదు, రమ్ము" అని కుమారునకు వ్రాయుటకు ముందు తమ అప్పుపత్రములను ఒకసారి తిరుగవేయుట మంచిది. చెడిన కొలువు వదలి చెడిన సేద్యమున చిక్కుటను విముక్తి యనలేము.

విడుచు రీతికి మదనపల్లెయే మనకొక ఉదాహరణము నిచ్చినది. 1895లో అచ్చట జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని 1911లో, పసితనమందే, నక్షత్ర సంఘమునకు అధిపతిని గావించిరి. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్ శిబిరమున, అనీబిసెంటు సమక్షమున, మూడువేలకు మించిన సభ్యుల యెదుట ఆయన ఆ సంఘమును తానే రద్దుచేసెను. ఆయన తత్త్వముతో నేకీభవింపని వారును ఆ పద్ధతిని గమనింపవలెను. రెండేండ్లు ఆలోచించితినని చెప్పెను. సంబంధించినవారి ముఖము చూచి చెప్పెను. పిదప ఏర్డె కోటయు, దాని భూములలో అధికభాగమును దాతకు తిరిగి చేరెను. అయితే ఆయనకు ఇల్లుగడుపు బాధ్యత లేదు. ఒక ధనికురాలు ఏటికి 500 పౌండ్లు జీవితాంతము ముట్టునట్లు ముందే ఏర్పరచియుండెను. మన పుంగనూరు యువకునికి అట్టి పౌండ్లు లేవు.

కుప్పమునకు పొరుగుననే మరియొక పాఠమున్నది. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ నడపిన కోలారు బంగారు గనులలోనికి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల కూలీలు వేలకొలది దిగిరి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున రాయి ప్రేలి చచ్చినవారున్నారు, ధూళి మ్రింగి ఊపిరితిత్తులు చెడినవారున్నారు. 1930లో వేలిముద్రల నమోదును కంపెనీ తలపెట్టగా వారు కొలువు విడువలేదు. అందరును కలసి పని నిలిపిరి. దోషము దిద్దదగినదైనపుడు, తోడివారు కలసివచ్చునపుడు, ఒంటరిగా వెడలుటకంటె ఇదియే మేలు. కాని అదే గనులలో, ధాతువు తరిగి నష్టములు పెరుగుచున్నను కడవరకు వేచినవారున్నారు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులే మూతపడెను. తమకు రావలసిన సొమ్ముకొరకు వారు పిదప కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చెను.

మేము ఆ తండ్రిని రెండు ప్రశ్నలడిగితిమి. కుమారుడు తన ఫిర్యాదును కాగితముపై వ్రాసి యిచ్చెనా? లేదు, నోటిమాటగా మాత్రమే చెప్పెనట. ఎన్నేండ్లాయెను? 5 ఏండ్లు నిండుటకు ఇంక నాలుగు నెలలున్నవట. శాశ్వతోద్యోగికి 5 ఏండ్లు నిండినచో, తానై రాజీనామా ఇచ్చినను, ఏటికి 15 దినముల జీతము చొప్పున గ్రాట్యుటీ రావలెను. కోపమున నేడే గేటు దాటినచో అది పోవును. ప్రాణాపాయమున్న పనియైనచో నాలుగు నెలలు కాదు, నాలుగు దినములైనను ఉండవలదందుము. అట్టి అపాయము లేదని తండ్రి చెప్పిరి.

ఫిర్యాదు వ్రాసి నకలు ఉంచుకొనుమనియు, హాజరు చీట్లు, జీతపు చీట్లు దాచుమనియు, ఈలోపున వేరుచోట పని వెదకుమనియు, వెడలు దినమున తాళములు, పనిముట్లు లెక్కగా అప్పగించి రసీదు తీసుకొనుమనియు వ్రాయించితిమి. తండ్రి చివరను తన చేతితో ఒక పంక్తి చేర్చిరి: ఈ ఏడు బోరు వేయుట మానుకొంటిననియు, ఆ రూకలు నీకొరకు ఇంటనే యున్నవనియు.