మజ్జిగ కాని మజ్జిగ

కేకు పుస్తకాల్లో 'బటర్‌మిల్క్' అని కనిపిస్తే మన గ్లాసులో ఉండే మజ్జిగ అనుకుంటే ఇబ్బందే! అది దొరకలేదని బెంగపడక్కర్లేదు. ఇంట్లో ఉన్నవాటితోనే అయిదు నిమిషాల్లో దాని పని జరిపించుకోవచ్చు.

పిల్లాడి పుట్టినరోజు. గుడ్డు వేయని కేకు కావాలి. వంటల పుస్తకం ముందేసుకుని మైదా, పంచదార, నూనె, వంటసోడా ఒక్కొక్కటే బల్ల మీదికి చేరుస్తుంటే మధ్యలో ఓ మాట ఆపేస్తుంది... 'ఒక కప్పు బటర్‌మిల్క్'. ఓస్, మజ్జిగేగా! అది లేని తెలుగిల్లు ఎక్కడుంది? మధ్యాహ్నం భోజనంలోకి పల్చగా చేసిన మజ్జిగే ఓ కప్పు కొలిచి పిండిలో పోసేస్తారు. తీరా ఓవెన్‌లోంచి తీసి చూస్తే కేకు మధ్యలో కుంగిపోయి ఉంటుంది. ముక్క కోస్తే లోపల తడి తడిగా, నోట్లో వేసుకుంటే నాలుక మీద సబ్బు తగిలినట్టు! చాలామంది ఓవెన్‌ని తిట్టుకుంటారు, లేదంటే మైదా మంచిది కాదంటారు. అసలు తిరకాసంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

మనకు మజ్జిగ అంటే పెరుగు చిలికి, వెన్న తీసి, నీళ్లు కలిపింది. ఇళ్లలో ఇప్పుడు వెన్న తీసే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి పెరుగులో నీళ్లు పోసి కవ్వం తిప్పితే అదే మజ్జిగ. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లోనూ పులిసిన మీగడ చిలికి వెన్న తీశాక మిగిలినదాన్నే బటర్‌మిల్క్ అనేవారు. ఇప్పుడు అక్కడి దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేది వేరు. వెన్న తక్కువగా ఉన్న పాలను వేడిచేసి చల్లార్చి, అందులో లాక్టిక్ ఆమ్లం పుట్టించే బ్యాక్టీరియాను వేస్తారు. 20 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూ వేడిలో రాత్రంతా ఉంచితే చిక్కబడుతుంది. కవ్వంతో పని లేదు, వెన్న తీసేదీ లేదు! గరిటెతో తీస్తే జారే పల్చటి పెరుగులా ఉంటుంది. పులుపు మాత్రం గట్టిదే.

కేకు పిండికి కావలసింది ఆ పులుపే.

వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. దానికి ఆమ్లం తగిలిందంటే చాలు, బుసబుసమని కార్బన్ డై ఆక్సైడ్ వదులుతుంది. ఆ బుడగలే పిండిని పైకి లేపుతాయి. పత్తి లాంటి కేకు కావాలంటే ఆ బుడగలే ఆధారం. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండులో పేదిళ్ల రొట్టె ఇలాగే పుట్టింది. అక్కడ పండే మెత్తరకం గోధుమ ఈస్టుతో అంతగా పొంగదు. పిండి, ఉప్పు, సోడా, పుల్లటి మజ్జిగ... ఈ నాలుగూ కలిపి కాలిస్తే పూట గడిచిపోయేది. ఈస్టు కొననక్కర్లేదు, పిండి పొంగేదాకా కాచుకు కూర్చోనక్కర్లేదు.

మరి మన మజ్జిగతో ఏమైంది? సగానికి సగం నీళ్లు కలిసేసరికి పులుపు పల్చబడింది. ఉన్న ఆమ్లం సోడాకు చాలలేదు. మిగిలిపోయిన సోడాయే సబ్బు రుచి. ఎక్కువైన నీళ్లు కేకును పచ్చిగా ఉంచేశాయి.

నిమ్మరసంతో అయిదు నిమిషాలు

ముందు కొలత సంగతి చూసుకోవాలి. వంటల పుస్తకాల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. మనం టీ తాగే కప్పు అంతకన్నా చిన్నది! పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, చిన్నదైతే 5.

కొలత కప్పులో ముందుగా ఓ పెద్ద చెంచాడు నిమ్మరసం గానీ తెల్ల వెనిగర్ గానీ పోయాలి. మీద కప్పు గీత వరకూ పాలు నింపి, ఒక్కసారి కలిపి, అయిదు నుంచి పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి. పాలు సన్నగా రవ్వ రవ్వగా విరుగుతాయి. చూడ్డానికి 'అయ్యో, పాడైపోయాయే' అనిపిస్తుంది కానీ అలా ఉండాల్సిందే. వడకట్టకుండా మొత్తం పిండిలో పోసేయాలి. పాలు కాచినవైతే పూర్తిగా చల్లారాలి. వేడి పాలల్లో నిమ్మరసం పిండితే ముద్ద ఒక పక్కకి, నీళ్లు ఒక పక్కకి పోతాయి. అది పనీర్ దారి!

పాలు పడనివాళ్లు సోయా పాలతోనూ ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. అవీ విరుగుతాయి.

అయితే నిమ్మరసం పాలకు చిక్కదనం ఉండదు. బ్యాక్టీరియా పుట్టించే ఆ వెన్న వాసన అసలే ఉండదు. చాక్లెట్ కేకులో కోకో రుచి కింద ఈ తేడా ఎవరికీ తెలియదు. పాన్‌కేకుల్లాంటి వాటిలో మాత్రం తెలిసిపోతుంది. అక్కడికి మన పెరుగే మేలు. నిజానికి కేకులకైనా మొదటి ఓటు పెరుగుకే వేయాలి. ముప్పావు కప్పు పెరుగులో పావు కప్పు నీళ్లు లేదా పాలు పోసి ఉండలు లేకుండా గిలక్కొడితే చిక్కదనం, పులుపు రెండూ సరిపోతాయి. పొద్దున తోడుకున్న కమ్మటి పెరుగు కన్నా, 'ఇది పులిసిపోయింది, ఎవరూ తినరు' అని పక్కన పెట్టిన నిన్నటి పెరుగు ఇక్కడ బాగా పనిచేస్తుంది. అన్నంలోకి పనికిరానిది కేకులోకి రాజా అన్నమాట! ఇంట్లో ఇంత మంచి సరుకు పెట్టుకుని డబ్బాలో వచ్చే బటర్‌మిల్క్ కోసం సూపర్ మార్కెట్లన్నీ తిరగడమంటే దండగే.

సోడా లెక్క కూడా గుర్తుంచుకోవాలి. కప్పు పుల్లటి మజ్జిగకు అర చిన్న చెంచా సోడా సరిపోతుంది. అసలు పులుపేదీ దొరక్క మామూలు పాలే పోయాల్సి వస్తే ఆ అర చెంచా సోడా మానేసి రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్ వేయాలి. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లం ముందే కలిసి ఉంటుంది. ఇంకో మాట. సోడాకు పులుపు తగిలిన క్షణం నుంచే బుడగలు పుడతాయి. పిండి కలిపి పెట్టి ఫోను మాట్లాడుతూ కూర్చుంటే బుడగలన్నీ గాల్లో కలిసిపోతాయి. ఓవెన్‌ను ముందే 180 డిగ్రీలకు వేడిచేసి పెట్టుకుని, కలిపిన వెంటనే లోపల పెట్టేయాలి.

ప్యాకెట్లలో వచ్చే మజ్జిగను కొలిచి పోసేవాళ్లూ ఉన్నారు. ముందు ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో చూడండి. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర ఉంటే దాన్ని గ్లాసులో పోసుకుని తాగడమే మంచిది. వెనిల్లా కేకులో ఇంగువ వాసన ఎవరు భరిస్తారు!

పులుసులోకి పనికిరాదు

కేకులో గెలిచింది కదా అని ఈ నిమ్మరసం పాలను మజ్జిగ పులుసులోకి తెస్తే మాత్రం గిన్నెడు పులుసూ పోతుంది. అవి సగం విరిగి ఉన్న పాలు. పొయ్యి మీద వేడెక్కగానే మిగతా సగం విరిగి, సొరకాయ ముక్కల మధ్య పనీర్ రవ్వ తేలుతుంది. మజ్జిగ పులుసులో మనవాళ్లు శనగపిండో బియ్యప్పిండో కలిపేది కూడా పెరుగు విరగకుండా పట్టి ఉంచడానికే. చల్ల మిరపకాయలకూ ఈ దొంగ మజ్జిగ పనికిరాదు. ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో మిరపకాయలు రోజుల తరబడి నానాలి. నిమ్మకాయ పిండిన పాలు అన్నాళ్లు బయట ఉంటే కుళ్లిపోతాయి. రవ్వ దోసెలకు మజ్జిగ లేకపోతే నీళ్లల్లోనే కాస్త నిమ్మరసం పిండుకోవచ్చు, పాలెందుకు పాడుచేయడం?

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఇదే చిక్కు తిరగేసి ఎదురవుతుంది. అక్కడి దుకాణంలో బటర్‌మిల్క్ డబ్బా చూసి మజ్జిగనుకుని గ్లాసులో పోస్తే కిందికి దిగదు. చాలా డబ్బాల్లో ఉప్పు కూడా కలిసే ఉంటుంది. దానికి సరిపడా నీళ్లు పోసుకుని, కరివేపాకు, అల్లం దంచి వేసుకుంటే మజ్జిగకు దగ్గరగా వస్తుంది. శనగపిండి కలిపి కాస్తే పులుసుకూ బాగుంటుంది. దాన్నే తోడుగా వేసి పెరుగు చేద్దామనుకుంటే మాత్రం గడ్డ పెరుగు ఆశించకూడదు. మన పెరుగు తోడుకోవడానికి గోరువెచ్చని పాలు కావాలి. ఆ డబ్బాలోని బ్యాక్టీరియాకు గది చల్లదనమే ఇష్టం. నాలుగు కప్పుల పాలకు ఓ కప్పు బటర్‌మిల్క్ కలిపి, మూత పెట్టి ఒక రోజు వంటగట్టు మీద ఉంచితే మళ్లీ అలాంటి జారుడు బటర్‌మిల్కే తయారవుతుంది. అందులోంచి ఓ కప్పు ఫ్రిజ్‌లో దాచుకుంటే వచ్చే వారం కేకుకు డబ్బా కొనే పని ఉండదు.